కత్తిని వెలిగించేది దీపం కాదు, పైతోలు



పోయిన దసరాకు మన పిల్లలు వేసిన మహిషాసురమర్దిని నాటకం మీకు గుర్తుండే ఉంటుంది. అమ్మవారి చేతిలో కత్తి వెలగాలని పిల్లలు పట్టుబట్టారు. మేము అద్దంలాంటి యాక్రిలిక్ గొట్టం తెచ్చి, లోపల ఎల్‌ఈడీ పట్టీ పెట్టి ఇచ్చాం. రెండు పొరపాట్లు జరిగాయి. స్విచ్ వేస్తే కత్తి కనబడలేదు, వరసగా చుక్కలు కనబడ్డాయి. రిహార్సల్ రోజు చాలీ వరండా కటకటాలకు తగిలి గొట్టం పగిలింది. ఒక బాబు అరచేతికి రెండు కుట్లు పడ్డాయి.

ఈసారి ఏం వాడాలని మొన్న గంటసేపు వాదించుకున్నాం. "చెక్క కత్తికి వెండి కాగితం చాలదా? మన తాతలు వెలిగే కత్తులు ఎన్నడన్నా చూసిండ్రా?" అన్నారు ఒక పెద్దాయన. చూశారు. ఆ సంగతి చెప్పడానికే ఈ రాత.

తెలుగువాళ్ల తొలి వెలిగే కత్తి తోలుబొమ్మ చేతిలోది. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, వెలుగు దాటేంత పలచబడేదాకా గీకుతారు. రంగులు వేసి, చిన్న చిన్న చిల్లులు కొడతారు. తెల్లబట్ట వెనుక బొమ్మ, బొమ్మ వెనుక ఆముదం దీపం. దీపం ఒకచోటే ఉన్నా కత్తి పిడి నుంచి మొన దాకా ఒకే తీరుగా వెలుగుతుంది. అది దీపం గొప్ప కాదు, తోలు గొప్ప. మరీ మందంగా ఉంటే వెలుగు దాటదు. అద్దంలా ఉంటే వెనుక దీపమే కనబడుతుంది, బొమ్మ కనబడదు. ఆ రెంటికీ నడుమ ఎక్కడ ఆపాలో తెలిసిన చేతిదే పనితనం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ పని ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మనకు ముచ్చట కలిగించే మాట ఇంకొకటి ఉంది. ఆంధ్రదేశంలో తోలుబొమ్మలాడించే కుటుంబాల్లో చాలామంది ఇంటి భాష మరాఠీ. మరాఠీ మాట్లాడుతూ వాళ్లు తెలుగు కథ ఆడించారు. తెలుగు మాట్లాడుతూ మనం మరాఠీ ఊళ్లో బతుకుతున్నాం.

వెండి కాగితం దారి వేరు. అది వెలగదు, మెరుస్తుంది. ఎదుటినుంచి వెలుగు పడితేనే దానికి బతుకు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయ్యాక ఇక్కడి పల్లపు నేల ఆరింది. రాళ్లు మోసి, మట్టి తవ్విన మన కామాటీలు 18వ శతాబ్దం చివర ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. 1846లో పక్కనే గ్రాంట్ రోడ్డు మీద నాటకశాల తెరిచారు. ప్లే హౌస్ అన్న మాటే జనం నోట పీలా హౌస్ అయింది. బొంబాయి వీధుల్లోకి గ్యాసు దీపాలు 1865లో వచ్చాయి. ఆ కాలపు రంగస్థలం మీద తళుకు కత్తికి ముందువరస దీపాలే ఆధారం. నటుడు కత్తి కాస్త పక్కకు తిప్పితే మెరుపు పోతుంది.

మెరుపు దారి చిన్నదేమీ కాదు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో వెలుగు కత్తులు మొదట అలాంటివే. కర్రకు స్కాచ్‌లైట్ అనే మెరుపు పట్టీ చుట్టి, మోటారుతో తిప్పుతూ, కెమెరా పక్కనుంచి దీపం వేశారు. చాలినంత వెలుగు రాక, తర్వాత ఫిల్ము మీద ఒక్కో బొమ్మకూ చేత్తో వెలుగు గీశారు. 2015 నాటి సినిమాకు షూటింగులోనే నిజంగా వెలిగే కత్తులు పట్టించారు. ఆ వెలుగు నటుల ముఖాల మీద పడింది. మన నాటకానికి కావలసిందీ అదే. అమ్మవారి ముఖం మీద కత్తి వెలుగు పడాలి.

దీనికి వీలు కల్పించింది ఎల్‌ఈడీ. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు 2014లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. అది వచ్చాకే తెల్ల వెలుగు చవకైంది. అయితే ఎల్‌ఈడీ ఒక చుక్క. చుక్కను గీతగా మార్చేది మళ్లీ పైతోలే. దివాలీకి మనం కట్టే ఆకాశ కందిల్‌లో పతంగి కాగితం చేసే పనీ ఇదే.

ఇప్పుడు లెక్క చూడండి. అంగుళం గొట్టంలో పట్టీని నడిమధ్య పెడితే గోడకు 10 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. మీటరుకు 60 దీపాల పట్టీలో చుక్కకూ చుక్కకూ 17 మిల్లీమీటర్లు. ఆ ఎడం గోడ దూరం కంటే ఎక్కువ కాబట్టి చుక్కలు విడివిడిగా కనబడ్డాయి. 144 దీపాల పట్టీలో ఎడం 7 మిల్లీమీటర్లే. పాలరంగు గొట్టం లోపల అవి కలిసిపోతాయి. పండ్లకు చుట్టే తెల్ల ఫోమ్ పలచగా ఒక చుట్టు లోపల పెడితే ఇంకా నయం. రెండు చుట్లు పెడితే వెలుగు సగం లోపలే ఉండిపోతుంది. 80 సెంటీమీటర్ల కత్తిలో 115 దీపాలు పడతాయి. రంగులు మార్చే రకమైతే పూర్తి తెలుపులో దాదాపు 7 ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. అందుకే వెలుగు తగ్గించి నడపాలి.

గొట్టం దేనిది కావాలి? యాక్రిలిక్ 1930ల నాటిది. వెలుగు బాగా పంపుతుంది, కాని పగిలితే అంచు కోస్తుంది. 1953లో జర్మనీలో పుట్టిన పాలికార్బనేట్ మీద గీతలు తొందరగా పడతాయి, ఎండకు పచ్చబడుతుంది, కాని దెబ్బకు వంగుతుందే తప్ప తేలిగ్గా పగలదు. అద్దంలాంటిదే దొరికితే లోపల గరుకు కాగితంతో రుద్దండి. తోలు గీకిన చేతి పనే ఇదీ. కరెంటు తీగలకు వాడే తెల్ల పైపు వద్దు, వెలుగును మింగేస్తుంది. గల్లీల్లో పిల్లలు కత్తులుగా పట్టుకునే మాడిన ట్యూబులైటు అసలే వద్దు. దాని గాజు పలచన, లోపల పాదరసం ఉంటుంది.

కాబట్టి మా మాట ఇది. ఈ దసరాకు పాలరంగు పాలికార్బనేట్ గొట్టం, 144 దీపాల పట్టీ, ఒక చుట్టు ఫోమ్. దీపాల పట్టీ లామింగ్టన్ రోడ్డులో దొరుకుతుంది, నడిచి వెళ్లి రావచ్చు. గొట్టం కొనే ముందు ఒక కొసన ఫోను టార్చి పెట్టి పక్కనుంచి చూడండి. లోపలి దీపం స్పష్టంగా కనబడితే ఆ గొట్టం రుద్దాలి. గొట్టమంతా మెత్తగా వెలిగితే తీసుకోవచ్చు. మహిషాసురుడి చేతిలో మాత్రం వెండి కాగితం కత్తే ఉంచుదాం. ఒకటి మెరిసేది, ఒకటి వెలిగేది. పెద్దల మాటా నిలుస్తుంది, పిల్లల ముచ్చటా తీరుతుంది.

కత్తి ఎవరి చేతికి ఇస్తున్నామో ముందు చూద్దాం. పోయినేడు కుట్లు పడిన బాబే ఈసారి మహిషాసురుడు.