కాలాగరువు: మన సెట్లు తెచ్చిన పరిమళము

అగరువత్తి యనియు, ఊదువత్తి యనియు మనము పలుకు రెండు మాటలును ఒక్క ద్రవ్యము పేరుననే యేర్పడినవి. అగరు అనునది సంస్కృతమునుండి వచ్చినది. ఊదు అరబ్బీ పదము. అరబ్బీలో 'ఊద్' అనగా కర్ర అని యర్థము. కర్ణాటకమునను, తమిళనాటను తరతరములుగా స్థిరపడిన మనవారి యిండ్లలో నేటికిని ఈ రెంటిలో నేదో యొక మాట వినబడుచునే యుండును. కాని ఆ వత్తిలో అగరు సామాన్యముగా నుండదు. వెదురుపుల్ల, బొగ్గుపొడి, జిగట బెరడుపొడి, వానికి పట్టించిన యేదో తైలము, ఇంతియే. పేరు మిగిలినది, వస్తువు వెడలిపోయినది. ఆ వస్తువును మన పూర్వులు దేవునికి ధూపముగా మాత్రమే గాక ఒంటికి అలంకారముగా ధరించిరనియు, దానిని రాజాస్థానములకు చేర్చిన తెలుగు సెట్టి యొకని పేరు మనకు దక్కియున్నదనియు మనవి చేయుట ఈ వ్యాసమున కుద్దేశము.

అగరు చెట్టు అస్సాము మొదలు మలయా, సుమత్రా ప్రాంతముల వరకు అడవులలో పెరుగును. ఆరోగ్యముగా నున్న చెట్టు కర్ర తెల్లగా, తేలికగా నుండును. దానికి చెప్పదగిన వాసన లేదు. పురుగు తొలిచియో, కొమ్మ విరిగియో గాయమైనచోట బూజు ప్రవేశించినప్పుడు, చెట్టు తన్ను తాను కాపాడుకొనుటకై నల్లని జిగురును ఊరించును. ఏండ్ల తరబడి ఆ జిగురు నిండిన కర్రయే కాలాగరువు. అది మిక్కిలి మేలురకమైనచో నీట మునుగును. చీనావారు దానికి 'మునిగెడు పరిమళము' అను నర్థము వచ్చు పేరు పెట్టిరి. సంస్కృతమున 'అగురు' అనగా బరువు లేనిది! ఈ చిక్కునకు సమాధానము మన యింటనే కలదేమో. తమిళులు దీనిని 'అగిల్' అందురు. ఆ ద్రావిడ పదమే సంస్కృతపు వేషము ధరించినదని కొందరు భాషాశాస్త్రవేత్తల మతము. నాకును అదియే సమంజసముగా తోచుచున్నది.

దీనిని ధరించు పద్ధతులు రెండు. ఒకటి ధూపము. స్నానానంతరము తడియారుచున్న కురులకు అగరుపొగ పట్టించుట కాళిదాసు నాటికే వాడుక. ఋతుసంహారమున ఆ ప్రస్తావన కలదు. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున రాజభోగములలో ధూపమునకు ప్రత్యేక స్థానమే యున్నది. రెండవది తైలము. అగరు చెక్కలను వారముల తరబడి నీట నానవేసి, పులియనిచ్చి, ఆవిరిపట్టి తీయుదురు. హైదరాబాదు అత్తరు దుకాణములలో దీనిని సీసామూత కొననుండి మణికట్టున రాయుదురు. మొదట ముక్కునకు తగులునది పరిమళమని యెవ్వరును అనరు. తోలు వాసన, పశువుల కొట్టపు వాసన, పొగ కలసినట్లుండును. క్రొత్తవారు చేయి దూరముగా పెట్టుకొందురు. కొంతసేపటికి ఒంటివేడికి ఆ ఘాటు అణగి, లోపలి తీపి పైకి వచ్చును. సాయంకాలమునకు పాత చందనపు పెట్టె తెరచినట్టి మెత్తని వాసన మిగులును. చర్మముపై ఒకపూట నిలుచునది బట్టలో కొన్ని దినములు నిలుచును. మల్లెవలె ఇది ఎదుటివారిని పిలుచు వాసన కాదు, ధరించినవానితోనే మెల్లగా మాటలాడునది.

ఇట్టి ద్రవ్యము మన సీమకు వచ్చినదనిన వర్తకులు ఉండవలెను, వర్తకులకు అభయ ముండవలెను. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ఈ సందర్భమున ప్రధానమైనది. పూర్వపు రాజులు గాలివానకు దరిజేరిన ఓడల సరకును బలాత్కారముగా గైకొనుచుండిరనియు, తాను నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొననని రాజు మాట యిచ్చెను. చందనము, కర్పూరము, పన్నీరు, జవ్వాది వంటి సుగంధములు ఆ సుంకపు పట్టికలో కలవు. రెడ్డిరాజులును ఆ రేవును పోషించిరి. 1358లో అనపోతరెడ్డి మరల వర్తకులకు శాసనముచే అభయమిచ్చెను.

ఆ రెడ్డిరాజుల కొండవీటిలో, 14వ శతాబ్ది చివర కుమారగిరిరెడ్డి ఏటేట వసంతోత్సవము జరిపించి, కర్పూరమును వెదజల్లి, వసంతరాయడను బిరుదము పొందెను. ఆయనకు సుగంధభాండాగారాధ్యక్షుడు అవచి తిప్పయసెట్టి. ఇతనికే శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చెను. వసంతోత్సవమునకు సెట్టి సమకూర్చిన సుగంధములను కవి చెప్పినచోట కస్తూరి, కుంకుమపువ్వు, జవ్వాదులతోపాటు కాలాగరువును చేర్చినాడు. విమర్శకులు కొందరు ఇట్టి పట్టికలను కవిసమయములని త్రోసివేయుట కలదు. నేనట్లు తలపను. కృతిపతి వర్తకుడు; అతనిముందు అతని సరకును తప్పుగా చదువుట కవికి సాధ్యము కాదు. ఆ పద్యభాగమును సెట్టి చిట్టాపుస్తకపు పుటగా చదువుటయే న్యాయము.

మరియొక విశేషము. తిప్పయసెట్టి సరకు కొండవీటితో ఆగలేదు. విజయనగరపు హరిహరరాయలకు, బహమనీ ఫిరోజ్‌షాకు, గజపతికిని అతడు వస్తువులను అందించెనని అదే కావ్యము తెలుపుచున్నది. తమలో తాము పోరుచున్న రాజ్యముల గడపలను ఒక తెలుగు సెట్టి దాటగలిగెను. నేటి కర్ణాటక, ఒడిషా సీమలతో మనవారి సంబంధము వలసకూలితోనో, సైనికునితోనో మాత్రమే మొదలైనదని చెప్పువారు ఈ సంగతిని గమనింపవలెను.

సుల్తానుల కాలమున అగరుపేరు వెనుకబడి ఊదు ముందుకు వచ్చెను. బిజాపురమున ఇబ్రహీం ఆదిల్‌షా కొరకు పరిమళములపై పారసీక గ్రంథమొకటి వెలసెను. తరువాత హద్రమౌతునుండి వచ్చి నిజాము సైన్యమున చేరిన అరబ్బులు హైదరాబాదున స్థిరపడిరి. వారి సంతతివారుండు బార్కస్ పేటలో ఊదుపొగ వేయు వాడుక నేటికిని కలదు.

అడవిలో ఏ చెట్టున జిగురున్నదో పైకి తెలియకపోవుటచే, నరికినవారు మంచిచెడు చెట్లను అన్నిటిని నరికిరి. అందువలన అగరు చెట్టు అంతర్జాతీయ వ్యాపారముపై 1995 నుండి నియంత్రణ అమలులోనికి వచ్చినది. అస్సామున ఇప్పుడు పెరటితోటలలో దానిని పెంచి, గాయపరచి, జిగురు ఊరుటకై ఏండ్లు వేచియుందురు. మోటుపల్లికి ఓడలు రావు. గణపతిదేవుని శాసనపు రాతికంబము మాత్రము అచ్చటి వీరభద్రాలయమున నిలిచియున్నది.