ఇచ్చువారు లేని దత్తత

దత్తత యనునది మన ధర్మశాస్త్రకారుల దృష్టిలో ఒక దానము. దానమునకు దాత యుండి తీరవలెను గదా. బంధువులను పిలిచి, అగ్నిని ప్రతిష్ఠించి, పుత్రకాముడు కన్నవారి యెదుట నిలిచి బిడ్డ నిమ్మని యాచించుటయు, తండ్రి ఇచ్చితినని తన నోట పలికి బిడ్డను చేతులలో పెట్టుటయు, పుచ్చుకొన్నవాడు ఆ బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని శిరస్సు మూర్కొని హోమము చేయుటయు ఆ తంతునకు ప్రాణము. నందపండితుని దత్తకమీమాంస వంటి గ్రంథములు ఎవనిని దత్తు చేసికొనవచ్చును, ఎవనిని కూడదు అని యెంత సూక్ష్మముగా తర్కించినను, ఇచ్చు నధికారము తల్లిదండ్రులకు మాత్రమే కలదను నియమమును సడలింపలేదు. అందువలననే, ఆశ్రయము మిక్కిలి యవసరమైన అనాథయే దత్తతకు అనర్హుడయ్యెను. వంశమును, పిండోదకములను ఉద్దేశించిన యీ యాచారమున ఆడుబిడ్డకు సామాన్యముగా చోటే లేకపోయెను.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఆడుబిడ్డకును త్రోవ తెఱచినది. తల్లిదండ్రులు లేని బిడ్డను, వారు విడిచిపోయిన బిడ్డను న్యాయస్థానము అనుమతితో సంరక్షకుడే ఇచ్చుటకు 1962 నాటి సవరణతో కూడిన ఆ చట్టము వీలు కలిగించెను. ఇట్లు అనాథకు దాత దొరకెను గాని, ఆ చట్టము హిందువులకే పరిమితము. విదేశమునుండి వచ్చిన అన్యమత దంపతులకు నాడు మిగిలిన దారి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే. కోర్టు వారిని బిడ్డకు గార్డియనులుగా నియమించి దేశము దాటించుటకు అనుమతి నిచ్చెడిది. దత్తత మాత్రము వారి దేశమున, వారి చట్టము ననుసరించి జరుగవలసి యుండెను. ఈ నడిమి కాలమున బిడ్డ ఇటు కన్నవారికిని చెందక, అటు పెంచువారికిని పూర్తిగా చెందక యుండెడిది.

బిడ్డలను సముద్రములు దాటించు నీ పద్ధతి విస్తరించుటకు కొరియా యుద్ధము ముఖ్యకారణము. 1955లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమునకు చెందిన హారీ హోల్ట్, బెర్తా దంపతులు, కాంగ్రెసు ప్రత్యేక శాసనము చేయగా, ఎనమండుగురు కొరియా బిడ్డలను దత్తు చేసికొనిరి. కరుణతో మొదలైన ఆ కార్యము క్రమముగా ఒక వ్యవస్థయై, సుమారు రెండు లక్షల మంది శిశువులను దేశము దాటించెను. కన్నవారు సజీవులై యుండగనే అనేకులను అనాథలుగా నమోదు చేసి పంపిరని 2025లో ఆ దేశపు సత్యశోధన సంఘమే తేల్చినది. కాగితముమీద దాతను చంపివేయుటచే దత్తత సులభమయ్యెను. పెరిగి పెద్దవారై తల్లిని వెదకుచు సియోలునకు వచ్చిన బిడ్డలకు ఆ సౌలభ్యమే గోడయై నిలిచెను.

మన దేశమున అందఱికి వర్తించు దత్తత చట్టము కొఱకు 1972లో నొకటి, 1980లో నొకటి బిల్లులు వచ్చినను, మతవర్గముల అభ్యంతరముల వలన రెండును శాసనములు కాలేదు. 1982లో లక్ష్మీకాంత్ పాండే యను న్యాయవాది, శిశువులను విదేశములకు పంపుటలో జరుగుచున్న అక్రమములను గూర్చి సుప్రీంకోర్టునకు లేఖ వ్రాసెను. దానినే పిటిషనుగా స్వీకరించి 1984 ఫిబ్రవరిలో జస్టిస్ భగవతి వెలువరించిన తీర్పు, పార్లమెంటు చేయని పనిని చేసినది. దరఖాస్తు విదేశమున గుర్తింపు పొందిన సంస్థ ద్వారమున రావలెను; దంపతుల గృహపరిస్థితిని విచారించి నివేదిక వ్రాయవలెను; బిడ్డకు స్వదేశమున తల్లిదండ్రులు దొరకునేమో మొదట చూడవలెను; వెళ్లిన రెండేండ్లలోగా దత్తత ముగియవలెను. కన్నతల్లి మనసు మార్చుకొనుటకు సుమారు మూడు నెలల గడువును కూడ ఆ తీర్పే విధించెను. 1990లో కేంద్ర దత్తత సంస్థయైన ‘కారా’ ఏర్పడెను. 1993 నాటి హేగ్ ఒడంబడికను భారతదేశము 2003లో ధ్రువీకరించెను.

నియమము లుండినంత మాత్రమున అక్రమము ఆగదని తెలుపుటకు హైదరాబాదే సాక్ష్యము. 1999లోను, మరల 2001లోను, నల్లగొండ ప్రాంతపు లంబాడీ తండాలనుండి పసికందులను కొద్దిపాటి సొమ్మునకు కొని, నగరములోని శిశుగృహములకు చేర్చి, విదేశములకు పంపుచున్న వ్యవహారము బయటపడెను. దాత యుండెను, సంతకమునకు బదులు వేలిముద్రయు నుండెను. ఆ కాగితములో నేమున్నదో చదువరాని తల్లికి తెలియదు, బిడ్డ ఎక్కడికి పోవునో అంతకంటె తెలియదు. పేదఱికము కారణముగా బిడ్డలను అప్పగించు పద్ధతిని 2001లో రాష్ట్రప్రభుత్వము నిషేధించెను. పట్టుబడిన శిశువులు ప్రభుత్వ శిశువిహారునకు చేరిరి. ఆ బిడ్డలకై అంతకుముందే పేరు లిచ్చి, పటములు గోడకు తగిలించుకొన్న కొందఱు విదేశీ దంపతులు ఏండ్ల తరబడి న్యాయస్థానముల వెంట తిరిగిరి.

ఈ చరిత్ర ఫలితమును నేడు ప్రవాసాంధ్రులును అనుభవించుచున్నారు. అమెరికాలో స్థిరపడిన దంపతులు స్వగ్రామమునకు వచ్చి, తమ్ముని బిడ్డను శాస్త్రోక్తముగా దత్తు చేసికొని, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున దత్తత పత్రము రిజిస్టరు చేయించినను, ఆ పత్ర మొక్కటే వీసాకు చాలదు. 2008 ఏప్రిల్‌నుండి అమెరికాయందును హేగ్ ఒడంబడిక అమలులో నున్నది గనుక అక్కడి అధికారుల అనుమతియు, ఇక్కడ కారా నిరభ్యంతర పత్రమును కావలెను. దాతయు ప్రతిగ్రహీతయు ఒకే ఇంటివారై యుండగా ఇంత విచారణ యేల యని వారు విసుగుట సహజమే. కాని బంధుత్వము పేరిట బిడ్డను తరలింపగోరు వంచకునికిని, విచారణ లేనిచో, తలుపు తెఱచుకొనును గదా.

ఆలస్యములన్నియు ఒక్కటి కావు. గుమాస్తా బల్లమీద ఫైలు కదలక పడియుండుట వేఱు. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకొనుటకు నేటి చట్టము ఇచ్చిన 60 దినముల గడువు వేఱు. మొదటిది ప్రభుత్వము తగ్గింపదగినది, రెండవది ఎవ్వరును తగ్గింపరానిది. దూరదేశమునుండి బిడ్డను పెంచుకొనదలచిన వారు, ఇచ్చిన వారెవరు, ఏ స్థితిలో ఇచ్చిరి అని సంస్థను తప్పక అడుగవలెను. లభించిన ప్రతి కాగితమును భద్రపఱచి, బిడ్డ పెద్దయైన నాడు అడుగకముందే చేతి కందింపవలెను.