మద్రాసులో అచ్చయిన దూరదేశపు రాజ్యాంగం

మిత్రులారా, పోయిన భాగంలో మహద్ గురించి, 1927 డిసెంబర్ 25న అంబేద్కర్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టడం గురించి చెప్పుకున్నాం. అది చదివి ఒక విద్యార్థి అడిగాడు: "సార్, స్వేచ్ఛ కోరిన పుస్తకాన్ని మతపెద్దలు తగలబెట్టించిన సందర్భం ఉందా?"

ఉంది. ఆ పుస్తకం అచ్చయింది ఎక్కడో కాదు, మద్రాసులో.

1604లో ఇరాన్ రాజు షా అబ్బాస్, ఆటోమన్ సైన్యానికి తిండీ నీడా దొరక్కూడదని ఆర్మేనియన్ల ఊళ్లు ఖాళీ చేయించాడు. జుల్ఫా పట్టణం వాళ్లను ఇస్ఫహాన్ దగ్గరికి తోలుకుపోయాడు. అక్కడ వాళ్లు కట్టుకున్న కొత్త జుల్ఫా నుంచి వర్తకులు సూరత్‌కి, కలకత్తాకి, మద్రాసుకి వచ్చారు. మద్రాసులో ఇప్పటికీ వాళ్ల పేరు మీద ఒక వీధి ఉంది, 1772లో తిరిగి కట్టుకున్న చర్చి ఉంది.

ఇక్కడ వాళ్లకు డబ్బుంది, పరపతి ఉంది. సొంత నేల మాత్రం ఆటోమన్, పర్షియన్ రాజ్యాల మధ్య నలుగుతోంది. షహామిర్ షహామిరియన్ అనే వర్తకుడు ఊరుకోలేకపోయాడు. ప్రెస్ పెట్టాడు. 1772లో అక్కడ మోవ్సెస్ బగ్రమ్యాన్ రాసిన హితబోధ పుస్తకం వచ్చింది. విదేశీ పాలన నుంచి బయటపడాలని అది యువకులకు చెప్పింది. ఆర్మేనియా మతగురువు సిమియోన్‌కి కోపం వచ్చింది, ప్రతులు తగలబెట్టమన్నాడు.

వాళ్లు ఆగలేదు. 'కీర్తి వల' అనే అర్థం వచ్చే పేరుతో ఇంకో పుస్తకం వేశారు. ముఖపత్రం మీద 1773 అని ఉంటుంది. నిజంగా అచ్చయింది మరో పదిపదిహేనేళ్ల తర్వాత అని కొందరు చరిత్రకారులంటారు. అందులో ఉన్నది ఇంకా పుట్టని ఒక దేశానికి రాజ్యాంగం. 521 అధికరణాలు. రాజు లేడు, చట్టమే రాజు.

మూడో అధికరణం సారాంశం ఇది: ఆర్మేనియన్ అయినా వేరే జాతి అయినా, అక్కడే పుట్టినా వలస వచ్చినా, ఆడైనా మగైనా అందరూ సమానం. ఎవరికీ ఎవరి మీదా పెత్తనం లేదు. చేసిన చాకిరీకి ప్రతిఫలం ఇవ్వాలి.

వెట్టి చేసిన తాతల మనవళ్లం. ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అయితే ఒక ప్రశ్న కూడా అడగాలి. అదే మద్రాసులో ఆ రోజుల్లోనే పరచేరి అని వేరుగా పిలిచే వాడ ఉంది. దూరదేశంలో సమానత్వం రాసుకున్న వాళ్లకు పక్కనున్న వాడ కనపడిందా?

ఈ ప్రశ్న పాతది కాదు. 1990ల మొదట్లో కరబాఖ్ కోసం జరిగిన యుద్ధంలో ఆర్మేనియన్లు గెలిచారు, లక్షల మంది అజర్‌బైజానీలు ఇళ్లు వదిలారు. 2020 సెప్టెంబర్ 27న మళ్లీ మొదలైన యుద్ధం 44 రోజులు నడిచింది. లాస్ ఏంజెలెస్‌లో, పారిస్‌లో, బేరూత్‌లో ఉన్న ఆర్మేనియన్లు వీధుల్లోకి వచ్చారు, డబ్బు పంపారు, మందులు పంపారు. 2023 సెప్టెంబర్‌లో లక్ష మందికి పైగా కరబాఖ్ ఆర్మేనియన్లు కొద్ది రోజుల్లోనే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. 1915 మారణహోమం నుంచి బతికొచ్చిన వాళ్ల మనవలు ఆ దృశ్యాన్ని ఫోన్లలో చూశారు. వాళ్ల ఏడుపు నిజమైనది. అంతకుముందు ఇళ్లు వదిలిన అజర్‌బైజానీల ఏడుపూ నిజమైనదే. 'వేరే జాతి అయినా' అన్న ఆ మూడో అధికరణాన్ని రెండు వైపులా ఎవరూ గుర్తు చేసుకోలేదు.

మనకీ ఇల్లు వదలడం తెలుసు. 1985లో కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరారు. ఆ శిబిరంలోంచే దళిత మహాసభ పుట్టింది. మా ఊరు మాకివ్వండి అని మాత్రమే అడగలేదు, ఏ ఊళ్లోనూ ఇది జరగకుండా చూడమన్నారు. అలాంటి పోరాటాల ఒత్తిడితోనే 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది.

హైదరాబాదు హాస్టళ్లలో, గల్ఫ్ క్యాంపుల్లో ఉండి ఊరి కోసం బెంగపడే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పేది ఒక్కటే. బెంగ పడండి, అది మన హక్కు. కానీ ఆ ఊళ్లో మనకంటే కింద ఉన్నవాళ్లకీ, మనకు గిట్టనివాళ్లకీ వర్తించే న్యాయమే అడగండి. కొందరికే అడిగితే అది ఇంకో పెత్తనం అవుతుంది.

జై భీమ్.