ఏ తీగ ఏ నోటికి

రాత్రి పదీ పది. సైనిక్‌పురిలో మా పెదనాన్న ఇంట్లో మేడమెట్లు మలుపు తిరిగే చోట ఉన్న కొట్టుగది. ఒక మూల ఇన్వర్టరు, దాని కింద బ్యాటరీ, పక్కన తెల్ల పెయింటుతో ఆర్మీ నంబరు రాసిన నల్ల ట్రంకు పెట్టె. చెక్కబల్ల మీద ఓ పాత ఆఫీసు డెస్క్‌టాప్. ఏప్రిల్ నెల, ఫ్యాను లేదు. నేను బాసింపట్టు వేసుకుని కీబోర్డు ఒళ్లో పెట్టుకున్నాను. పెదనాన్న బల్ల వెనక్కి దూరాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. అయినా ఆ చోటు నాకివ్వలేదు. సిగ్నల్స్‌లో సుబేదారుగా రిటైరయ్యాడు; తీగల దగ్గర తనుండాలి, మీటల దగ్గర ఇంకెవరైనా ఉండొచ్చు.

"బొక్కలెన్ని ఉన్నాయి పెదనాన్నా?"

"మూడు. కింద ఒకటి, పైన రెండు పక్కపక్కన."

కిందది మదర్‌బోర్డుతో పుట్టింది. పైవి రెండూ నిన్న మధ్యాహ్నం పార్క్‌లేన్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ కార్డువి. సికింద్రాబాద్‌లో కంప్యూటరు సామాను కావాలంటే కాళ్లు వాటంతటవే చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు నడుస్తాయి. అక్కడ కొట్టువాడు కార్డుని చొక్కాకి తుడిచి ఇచ్చాడు, మామిడికాయ ఇచ్చినట్టు.

ఇవాళ రాత్రి నుంచి ఈ డెస్క్‌టాపే ఇంటికి రౌటరు. ఇంటర్నెట్ వాళ్లిచ్చిన తెల్లపెట్టె బాగానే పనిచేస్తోంది, దానిమీద ఫిర్యాదేమీ లేదు. గొడవంతా కెమెరాలతో. గేటు దగ్గర, కారు షెడ్డులో, మెట్ల మీద, ట్యాంకు పక్కన నాలుగు పెట్టించుకున్నాడాయన. అవి రాత్రిళ్లు ఎక్కడెక్కడి సర్వర్లకో ఏదో పంపుతుంటాయని మనవడెవడో చెప్పాడు. అప్పట్నుంచి నిద్ర లేదు. "నేను పెట్టుకున్న కాపలావాడు పైవాడితో గుసగుసలాడుతుంటే ఊరుకోమంటావా?" అని వారం నుంచీ ఫోన్లు. కెమెరాలని ఇంటివాళ్ల ఫోన్లు ఉండే వీధిలోంచి లేపి వేరే వీధిలో పెట్టాలి. ఆ వీధికి బయటి దారి మూసెయ్యాలి. ఆ తెల్లపెట్టెలో అలాంటి వీలు లేదు.

పదకొండున్నరకి వదినకి అమెరికా వాళ్లతో మీటింగుంది. అంటే చేతిలో గంటా ఇరవై నిమిషాలు.

మానిటర్ మీద నల్లతెర, తెల్ల అక్షరాలు. వయోస్ అనే సాఫ్ట్‌వేర్ ఇది. మామూలు కంప్యూటరులోకి ఎక్కిస్తే దాన్ని రౌటరుగా మార్చేస్తుంది. వ్యాట్టా అని ఒకటుండేది. దాని ఉచిత రూపం ఆగిపోయాక 2013లో కొందరు ఆ కోడ్‌ని పట్టుకుని వేరే పేరుతో నడిపించారు. వ్యాట్టా అన్న పేరు సంస్కృతంలో ‘తెరిచిన’ అనే అర్థమున్న వ్యాత్త శబ్దం నుంచి తీసుకున్నారట. పెదనాన్నకి ఈ సంగతి చెబితే టార్చి నావైపు తిప్పాడు. రోజూ పొద్దున గీత చదువుకునే మనిషి కదా. విశ్వరూపానికి నోరు తెరుచుకుని ఉంటుంది చూడు, అక్కడున్న మాట అదేనన్నాడు. ఆ తర్వాత రాత్రంతా ఆయన బొక్క అనలేదు, నోరు అన్నాడు.

"సరే, మూడు నోళ్లున్నాయి. ఏ నోటికి ఏ పేరు?"

అసలు చిక్కు ఇక్కడే. యంత్రం తన పోర్టులకి తానే పేర్లు పెట్టుకుంది: ఈత్0, ఈత్1, ఈత్2. ఈత్ అంటే ఈథర్‌నెట్‌లో మొదటి ముక్క. 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ పెట్టిన పేరది. ఒకప్పుడు ఆకాశమంతా నిండి వెలుగుని మోస్తుందని నమ్మిన ఈథర్ పదార్థం గుర్తుగా.

"ఈత్ జీరో అంటే ఈత రాదనా?" అన్నాడు బల్ల వెనక నుంచి.

మదర్‌బోర్డుతో పుట్టిందే పెద్దది గనక అదే సున్నా అయ్యుంటుందని నేననుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అనుకోవడం కాదు, చూపించు." పోర్టు దీపాన్ని మినుకుమనిపించే ఆదేశం ఒకటుంది, ఐడెంటిఫై అని. ఈత్0కి ఇచ్చాను.

"కుడిపక్క, పైన!" అని అరిచాడు.

సున్నా నిన్న కొన్న కార్డుది. ఒకటీ దానిదే. ఇంట్లో పుట్టినవాడు రెండోవాడయ్యాడు, నిన్న వచ్చిన చుట్టం పెద్దకొడుకయ్యాడు. యంత్రం లోపలి డేటా బస్సు మీద ఏ పరికరం ముందు పలికితే దానికి ముందు అంకె, అంతే, బాంధవ్యం చూడదు. ఒకసారి పేరు పెట్టాక మాత్రం వయోస్ దాన్ని ఆ చిప్పులో ఉన్న మ్యాక్ అడ్రసుకి ముడేసి రాసుకుంటుంది. రేపు కార్డు తీసి ఇంకో కార్డు పెడితే ఆ ముడి మనమే విప్పాలి.

పెదనాన్న జేబులోంచి మెడికల్ షాపు తెల్ల టేపు తీశాడు. చిన్న ముక్కలు కత్తిరించి బాల్‌పెన్నుతో రాసి ఒక్కో నోటి పక్కన అంటించాడు. సున్నా బయట. ఒకటి ఇల్లు. రెండు కెమెరా. తీగలక్కూడా, రెండు కొసలకీ. "ట్యాగు లేని లైను శత్రువు లైనుతో సమానం" అంటాడు. అది ఆర్మీ మాటో సొంత మాటో నాకు తెలీదు.

కాన్ఫిగర్ అని కొడితే తెర మీద డాలరు గుర్తు పోయి హ్యాష్ గుర్తు వస్తుంది. ఇక్కడి నుంచి ఏం రాసినా ముసాయిదా. సెట్ ఇంటర్‌ఫేసెస్ ఈథర్‌నెట్ ఈత్1 అడ్రెస్ 192.168.20.1/24. ఇది ఇంటి వీధి. ఈత్2కి 192.168.30.1/24, కెమెరాల వీధి. చివరి 24 వీధి పొడవు చెబుతుంది, లోపల 254 ఇళ్లు కట్టుకోవచ్చు. అందరూ వాడే 192.168.1 ఎందుకు వద్దన్నానంటే, ఆ తెల్లపెట్టె తన సొంత సెట్టింగుల పేజీని ఆ నంబరు మీదే పెట్టుకుంది. ఒకే నంబరుతో రెండు వీధులుంటే పోస్టుమాను ఎటు పోతాడు? సైనిక్‌పురిలో అడ్రసు వెతికినవాళ్లకి దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

ఆదేశాలు కొట్టినంతసేపూ ఏమీ జరగదు. కమిట్ అన్నాకే అమల్లోకి వస్తుంది. సేవ్ అన్నాకే డిస్కులో పడుతుంది. కమిట్ నోటిమాట, సేవ్ కాగితం మీద సంతకం. రెండూ చేశాను.

ఈత్0కి మాత్రం అడ్రసు ఇవ్వలేదు. బయటి తీగ మీద నేరుగా నడవనివ్వరు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి ఓ సొరంగం తవ్వుకోవాలి. పీపీపీఓఈ అంటారు, 1999 నాటి పద్ధతి. దానికి పీపీపీఓఈ0 అని ఒక ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్ పుట్టించి ఈత్0 భుజాలమీద ఎక్కించాలి. తెల్లపెట్టెని ఉత్త వంతెనలా పనిచేసే బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్పించడం పొద్దునే అయింది. వివరాలు నింపాను. కమిట్.

ఏమీ రాలేదు. లాగ్ తెరిచి చూస్తే ఒకటే వాక్యం మళ్లీ మళ్లీ: పాడో ప్యాకెట్ల కోసం చూసి చూసి గడువు దాటింది. ఈ సొరంగం తవ్వడంలో మొదటి అడుగు పాడీ. ‘ఎవరండీ లోపల?’ అని వీధంతా వినబడేలా కేకెయ్యడం. ‘నేనున్నాను’ అనే జవాబు పాడో. మనం గొంతు చించుకుంటున్నాం, అవతల ఎవరూ పలకడం లేదు.

"తీగ సరైన నోట్లోనే ఉందా?"

"ట్యాగు చూసుకో" అన్నాడు, కొంచెం కోపంగా.

తీగ సరిగ్గానే ఉంది, దీపం వెలుగుతోంది. పాస్‌వర్డ్ దాకా మాట వెళ్లనేలేదు, కాబట్టి అది తప్పయ్యే ప్రశ్నే లేదు. అప్పుడు తట్టింది. కొందరు ఇంటర్నెట్ వాళ్లు కనెక్షనుని మొదట పెట్టిన రౌటరు మ్యాక్ అడ్రసుకి కట్టేస్తారు. కొత్త ముఖం కనబడితే వాకిట్లోనే పలకరు. పాత ముఖం తగిలించుకుంటే సరి. సెట్ ఇంటర్‌ఫేసెస్ ఈథర్‌నెట్ ఈత్0 మ్యాక్ అని పాత అడ్రసు రాస్తే మిగతాది వయోస్ చూసుకుంటుంది. ఆ పాత అడ్రసు తెల్లపెట్టె అడుగున స్టిక్కరు మీద ఉంటుంది.

టార్చి అటు తిరిగింది. కళ్లజోడు నుదుటి మీంచి దిగింది. పెదనాన్న గొంతు మారిపోయింది.

"రాసుకో. నైనర్. చార్లీ. ఫైవ్. త్రీ."

నేను కొట్టాను.

"బ్రేక్. రీడ్ బ్యాక్."

"తొమ్మిది, సి, అయిదు, మూడు."

"నైనర్!" అన్నాడు. వైర్‌లెస్ మీద నైన్, ఫైవ్ ఒకేలా వినబడతాయి, అందుకని తొమ్మిదిని నైనర్ అనాలి. ఈయన నాకు మూడడుగుల దూరంలో ఉన్నాడు. అయినా సరే, నైనర్ అన్నాను. "ఎకో. జీరో. ఫాక్స్‌ట్రాట్. డెల్టా." మళ్లీ రీడ్ బ్యాక్. మాధవరంలో పుట్టి, ఆ ఊళ్లో చాలామందిలాగే పట్టాల చదువు వదిలి పట్టాలంలోకి పోయిన మనిషి; ఆ నాలుగు అడుగుల గదిలో ఏ కొండమీది పోస్టుతోనో మాట్లాడుతున్నట్టు నిటారుగా నించున్నాడు. పన్నెండూ అయ్యాక, "ఫాక్స్‌ట్రాట్ దాటి ఒక్కటీ రాలేదేం? గోల్ఫ్, హోటల్, ఇండియా?" అన్నాడు.

రావు. ఇది పదహారు అంకెల లెక్క, 0 నుంచి 9 దాకా, ఆపైన ఎ నుంచి ఎఫ్. ఒక్కో అంకె నాలుగు బిట్లు, మొత్తం 48. ఇక్కడికి కూతవేటు దూరంలో ఈసీఐఎల్ వాళ్లు అమ్మిన మొదటి కంప్యూటరు, 1969 నాటి టీడీసీ-12, ఒక విడతకి 12 బిట్లే పట్టుకోగలిగేది. ఒక్క మ్యాక్ అడ్రసు మింగాలంటే దానికి నాలుగు ముద్దలు. ఆ సంస్థను నిలబెట్టిన ఏ.ఎస్.రావు పేరు మీది నగర్‌లోనే ఇప్పుడు సందుకో మొబైల్ షాపు.

కమిట్. ఈసారి వీధి చివర ఎవరో పలికారు. షో ఇంటర్‌ఫేసెస్ అంటే పట్టికలో పీపీపీఓఈ0 ఎదురుగా 100.72తో మొదలయ్యే అడ్రసొచ్చి కూర్చుంది. పెదనాన్న చప్పట్లు కొట్టబోయాడు గానీ అది అచ్చమైన బయటి అడ్రసు కాదు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న పరగణా మొత్తం 2012లో ఇంటర్నెట్ కంపెనీల లోపలి వాడకానికే కేటాయించారు. వందలమందిని ఒక గుమ్మంలోంచి బయటికి పంపే ఏర్పాటు. మనకి పర్లేదు, బయటినుంచి ఎవర్నీ పిలవట్లేదు కదా.

ఇంటి వీధిని సొరంగంలోకి పంపే నాట్ నియమం, ఫోన్లకి నంబర్లు పంచే డీహెచ్‌సీపీ, ఇవి ఐదు నిమిషాల పని. సొరంగం కప్పు మాత్రం ఎనిమిది బైట్లు తక్కువ ఎత్తు, 1500 బదులు 1492. అది చెప్పకపోతే కొన్ని సైట్లు సగం తెరుచుకుని బిక్కమొహం వేస్తాయి. ఒక్కో ప్యాకెట్లో ఎంత సరుకు పట్టాలో చెప్పే ఎంఎస్ఎస్‌ని దానికి తగ్గట్టు కుదించుకొమ్మని ఒక లైను. మళ్లీ సేవ్. హాల్లోంచి పెద్దమ్మ కేక: "వచ్చిందర్రా!" సీరియల్ పాట వినబడింది.

పదకొండూ ఐదు. మిగతాది హాల్లో కూర్చుని ల్యాప్‌టాప్ నుంచి చేద్దామని దిగాం. కెమెరాల వీధికి తలుపులు బిగించేదాకా ఈత్2ని ఆపి ఉంచాలి. ఆదేశం కొట్టి కమిట్ అనబోతుంటే పెదనాన్న అడిగాడు. "తప్పయితే తిరిగొచ్చే దారేది?"

ఉంది. కమిట్-కన్‌ఫర్మ్ 5. అయిదు నిమిషాల్లోపు నేను ఖాయం చెయ్యకపోతే యంత్రం రీబూటయి, చివర సేవ్ చేసిన చోటికి తనే పోతుంది. ఆయన మాట తీసెయ్యలేక కొట్టాను. వై అన్నాను.

తెర బిగుసుకుపోయింది. టీవీలో చక్రం తిరగడం మొదలెట్టింది.

పైకి స్క్రోల్ చేసి చూశాను. ఈత్2 అనబోయి ఈత్1 డిసేబుల్ అన్నాను. నేను కూర్చున్న కొమ్మ అదే.

లేచి మేడమీదికి పరిగెత్తబోయాను. పెదనాన్న చెయ్యి పట్టుకున్నాడు. "కూర్చో. వస్తుందన్నావుగా, చూద్దాం."

అయిదు నిమిషాలు ఎంత పొడుగో. అమ్ముగూడ వైపు నుంచి రైలు కూత వేసింది. గూర్ఖా విజిలూ, దానికి జవాబుగా వీధి కుక్కలూ. వదిన గదిలోంచి వచ్చి ఫోను మా ఇద్దరికీ చూపిస్తూ నించుంది, ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ. పెదనాన్న గోడ గడియారం చూస్తూ, లైను తెగితే సిగ్నల్‌మన్ ఒకడే వెనక్కి పోడు, అవతలి కొసనుంచి కూడా ఒకడు బయల్దేరతాడు, తెగిన చోట ఇద్దరూ కలుస్తారు, అని చెబుతున్నాడు. నేను వింటున్నాననే అనుకున్నాడు.

మేడమీద చిన్న బీప్ వినబడింది. నిమిషంన్నర తర్వాత టీవీలో సీరియల్ ఆగినచోటి నుంచి అందుకుంది. వదిన లోపలికి వెళ్లిపోయింది.

మళ్లీ కొట్టాను, ఈసారి అంకె మీద వేలు పెట్టి చదువుకుంటూ. ఈత్2. కమిట్-కన్‌ఫర్మ్ 5. టీవీ ఆగలేదు. కన్‌ఫర్మ్.

"రీడ్ బ్యాక్" అన్నాడు పెదనాన్న. పీపీపీఓఈ0 మొదలుకొని అన్నీ చదివి వినిపించాను. చేతిలో పాత డైరీ, అందులో మూడు గడులు గీసుకుని ఒక్కోదానికీ టిక్కు పెడుతున్నాడు.

"ఇప్పుడు కరెంటు పోతే?"

నా చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. కన్‌ఫర్మ్ అన్నాను గానీ సేవ్ అనలేదు. అన్నాను. ఆయన డైరీ మూసి లేచాడు, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాడు. నేను వెనకే వెళ్లేసరికి ఆయన వేలు స్విచ్చు మీదుంది.

"పెదనాన్నా, వదిన మీటింగు..."

"ఇంకా పద్నాలుగు నిమిషాలుంది" అని ఆపేశాడు. గదిలో చీకటి, బ్యాటరీ వాసన. పది లెక్కపెట్టి మళ్లీ వేశాడు. బల్ల వెనక్కి టార్చి లేకుండానే వంగి చూశాం. ముందు సున్నా వెలిగింది, పక్కన ఒకటి. కెమెరా అని టేపు అంటించిన నోరు నల్లగానే ఉంది.