‘షాంపూ’కి పుట్టిల్లు మన దేశమే

మనకి షాంపూ అంటే సీసాలోనో, చిన్న ప్యాకెట్లోనో బజారులో దొరికే వస్తువు. ఇంగ్లీషులో అది వస్తువు పేరే కాదు, క్రియ కూడా. ‘ఐ షాంపూడ్ మై హెయిర్’ అంటే ‘నేను తల రుద్దుకున్నాను’ అని. వాళ్ళు తివాచీల్ని కూడా షాంపూ చేస్తారు! నిజానికి ముందు పుట్టింది క్రియే. వస్తువు ఆ తరవాత వచ్చింది.

ఆ క్రియ పుట్టిల్లు మన దేశం. హిందీలో ‘చాంప్‌నా’ అంటే ఒత్తడం, పిసకడం. ‘చాంపో’ అంటే ‘ఒత్తు’ అని పురమాయించడం. ఒళ్ళు పట్టేవాళ్ళతో అనే ఈ మాటని ఇక్కడికొచ్చిన తెల్లదొరలు తమ భాషలో కలుపుకున్నారు. 1762 నాటికే అది ఇంగ్లీషు అచ్చులోకి ఎక్కింది. అప్పట్లో దాని అర్థం ఒళ్ళు మర్దనా చెయ్యడమే. సబ్బుతో, నురగతో దానికి సంబంధం లేదు.

ఈ మాటకి ఇంగ్లండులో గౌరవం తెచ్చినవాడు షేక్ దీన్ మహమ్మద్. 1759లో పాట్నాలో పుట్టాడు. చిన్నతనంలోనే కంపెనీ సైన్యం వెంట వెళ్ళి, 1784లో ఐర్లండు చేరాడు. అక్కడే జేన్ అనే అమ్మాయిని పెళ్ళాడాడు. 1810లో లండన్‌లో మన వంటకాల హోటలు పెట్టి దివాలా తీశాడు. అయినా కుంగిపోలేదు. బ్రైటన్ అనే సముద్రతీరపు వూరు వెళ్ళి, మూలికల ఆవిరి పట్టించి ఒళ్ళు మర్దించే స్నానశాల నడిపాడు. ఆడవాళ్ళ విభాగం జేన్ చూసుకునేది. మొదట్లో జనం నమ్మలేదు. కీళ్ళ నొప్పులు తగ్గినవాళ్ళు నలుగురికీ చెప్పాక పేరొచ్చింది. 1822లో ‘షాంపూయింగ్’ పేరుతో పుస్తకం రాశాడు. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులిద్దరికీ ‘షాంపూయింగ్ సర్జన్’ అనిపించుకున్నాడు. 1851లో కన్నుమూశాడు.

1860 ప్రాంతాల నుంచి ఆ క్రియకి తల రుద్దుకోవడమనే అర్థం వచ్చింది. తరవాత రుద్దుకునే పదార్థానికే ఆ పేరు స్థిరపడింది. పాత అర్థం మరుగునపడిపోయింది.

మన ‘తలంటు’ సంగతీ ఇంతే కదండీ! అంటడమంటే తలకి నూనె పట్టించడం. దీపావళినాడు అమ్మో, అమ్మమ్మో పీటమీద కూర్చోబెట్టి, మాడుకి నూనె అంటి, ఒంటికి నలుగు పెట్టి, కుంకుడు రసంతో తల రుద్దేవారు. ఇప్పుడు చుక్క నూనె లేకుండా గబగబా పోసుకున్నా తలంటనే అంటున్నాం. రెండు భాషల్లోనూ మాట మిగిలింది. మర్దనా చేసిన చెయ్యి మాత్రం తప్పుకుంది.

రెండు మాటల్లోనూ అసలు విలువ చేతిదే, సీసాది కాదు. మీ ఇంట్లో పెద్దావిడ కాళ్ళ నొప్పులని కూర్చుంటే కాసేపు ఒత్తి చూడండి. పాత అర్థంలో అదే షాంపూ చెయ్యడం. కాన్వెంటులో చదివే పిల్లలు ‘అదేమిటమ్మా, తప్పు’ అంటే, పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తీసి వాళ్ళచేతే చదివించండి.