ప్రీహ్ విహార్: రెండు దేశాల మధ్య ఒక శివాలయం

కంబోడియా మైదానానికి ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తున, డాంగ్రెక్ కొండల అంచున ప్రీహ్ విహార్ గుడి ఉంది. 9వ శతాబ్దం చివరి నుంచి 12వ శతాబ్దం దాకా ఖ్మేర్ రాజులు దీన్ని కట్టుకుంటూ, పెంచుకుంటూ వచ్చారు. దేవుడు శిఖరేశ్వరుడు. శాసనాలు సంస్కృతంలో, ఖ్మేర్‌లో ఉన్నాయి. ఒక గోపురద్వారం పైన క్షీరసాగర మథనం చెక్కారు: వాసుకిని చెరోవైపు పట్టి లాగుతున్న దేవతలు, రాక్షసులు. తెలుగువాళ్లు దాని ముందు నిలబడితే కథ ఎవరూ చెప్పనక్కర్లేదు.

గుడికి దక్షిణాన నిలువు కొండచరియ. మెట్లదారి మాత్రం ఉత్తరాన, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ వైపు నుంచి మొదలై ఐదు గోపురాలు దాటుకుంటూ సుమారు 800 మీటర్లు సాగుతుంది. కంబోడియా, థాయ్‌లాండ్‌ల తగవుకు మూలం ఇక్కడే ఉంది.

1904లో, అప్పట్లో కంబోడియాను ఏలుతున్న ఫ్రాన్స్, సియాం (నేటి థాయ్‌లాండ్) సరిహద్దు మీద ఒక ఒప్పందం చేసుకున్నాయి. కొండ మీద పడ్డ వాననీరు ఎటు జారితే ఆ నేల ఆ వైపు దేశానిది. ఆ లెక్కన గుడి తమదేనని థాయ్‌లాండ్ వాదన. కానీ ఫ్రెంచి అధికారులు 1907లో గీసిన పటం గుడిని కంబోడియాలో చూపింది. ఆ పటాలు బ్యాంకాక్ చేరినప్పుడు సియాం హోంమంత్రి, రాజకుమారుడు దామ్రోంగ్ కృతజ్ఞతలు చెప్పి, ప్రాంతాల గవర్నర్లకు పంపడానికి మరో 15 ప్రతులు అడిగాడు.

1930లో అదే దామ్రోంగ్ ఈ కొండెక్కాడు. అప్పటికి ఆయన సియాం ప్రాచీన కట్టడాల బాధ్యత చూసే పెద్ద, చరిత్ర మీద అపారమైన మమకారం ఉన్నవాడు. కొండ మీద ఫ్రెంచి జెండా ఎగురుతుండగా ఫ్రెంచి పాలనాధికారి అయిన రెసిడెంటు ఆయనకు అధికారికంగా స్వాగతం పలికాడు. తిరిగి వెళ్లాక దామ్రోంగ్ ఆ రెసిడెంటుకు యాత్ర ఫోటోలు పంపాడు.

1954లో థాయ్ కాపలాదారులు గుడిని ఆక్రమించారు. కంబోడియా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1962 జూన్ 15న 9–3 మెజారిటీతో గుడి కంబోడియాదేనని తీర్పు వచ్చింది. పటాన్ని సియాం ఒప్పుకుందనడానికి ఆధారంగా తీర్పులో ఆ 15 ప్రతులూ ఉన్నాయి, ఆ యాత్రా ఉంది. పాత శిల్పాలు చూడబోయిన పెద్దమనిషి నడక భూమి దస్తావేజులో సంతకమైంది. 1954 తర్వాత గుడి నుంచి తీసుకెళ్లిన విగ్రహాలు, శాసనఫలకాలు, మట్టిపాత్రలు ఉంటే వాటినీ తిరిగి ఇవ్వాలని 7–5తో కోర్టు చెప్పింది. థాయ్ సైనికులు తమ జెండాను దించకుండా స్తంభాన్నే పెకలించి తమ వైపు తీసుకెళ్లారు.

ఈ గుడిని ఎవరు, ఎప్పుడు కట్టారో, ఏ దారిన చేరుకునేవారో తవ్వకం చెబుతుంది. 20వ శతాబ్దపు హద్దు ఎక్కడుండాలో దాన్ని అడగడం అన్యాయం. పైగా ఖ్మేర్ మాట్లాడేవాళ్లు హద్దుకు అవతల థాయ్ వైపూ ఉన్నారు, కాబట్టి కట్టింది ఖ్మేర్లని తేలినా హద్దు తేలదు.

2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు, తగాదా భూమిని తప్పించి గుడి వరకే గీత గీశారు. ఉత్తరపు పరిసరాలు బయటే మిగిలాయి. 2011 ఫిబ్రవరిలో రెండు సైన్యాల మధ్య జరిగిన కాల్పుల్లో గోడలు దెబ్బతిన్నాయి. 2013లో కోర్టు గుడి ఉన్న కొండకొమ్ము అంతా కంబోడియాదేనంటూనే, గుడి రక్షణకు ఇద్దరూ సహకరించుకోవాలంది. పరిరక్షణను చూసే అంతర్జాతీయ సంఘానికి భారత్, చైనా సహాధ్యక్షులు. అయినా 2025లో ఆ సరిహద్దున మళ్లీ యుద్ధం జరిగింది. గుడిని, ఉత్తరాన దాని చుట్టూ ఉన్న నేలను కలిపి పరిశీలిస్తే తప్ప పూర్వపు యాత్రికుల దారి తేలదు. అందుకు రెండు దేశాల పురావస్తు శాఖలూ ఒకే జట్టుగా తవ్వాలి.