నలిగాక కరిగిన మందు

పటికబెల్లం పలుకొకటి గ్లాసు నీళ్లలో వేసి, అంతే బరువు పంచదార పొడి మరో గ్లాసులో వేసి కలపండి. పొడి రెండు తిప్పులకే మాయమవుతుంది. పలుకు అడుగునే ఉంటుంది. పదార్థం ఒకటే, నీటికి తగిలే ఉపరితలం వేరు. మిల్లీమీటరు ఘనాన్ని 10 మైక్రాన్ల ఘనాలుగా కోస్తే 10 లక్షల ముక్కలవుతాయి, ఉపరితలం 100 రెట్లవుతుంది. ఈ లెక్క రోగి మోతాదునే మార్చగలదని చూపిన మందు గ్రిసియోఫుల్విన్.

1939లో లండన్‌లో ఆక్స్‌ఫర్డ్, రైస్ట్రిక్, సిమొనార్ట్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని ఒక పెనిసిలియం బూజు నుంచి వేరుచేశారు. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు అది మనిషి మందు కాలేదు. 1958లో గ్లాస్గోలో జెంటిల్స్ అనే పరిశోధకుడు తామర సోకిన గినీ పందులకు దాన్ని నోటిద్వారా ఇచ్చి నయం చేశాక వైద్యుల చూపు అటు మళ్లింది. అంతవరకు తలలో తామర సోకిన పిల్లలకు ఎక్స్‌రేలు పెట్టి జుట్టు రాల్చేవారు. ఆ బాధ తప్పించిన మందు ఇది. దాని విలువను తక్కువగా చూడలేం.

చిక్కల్లా ఒకటే: అది నీటిలో దాదాపు కరగదు. మింగినదాంట్లో చాలా భాగం రక్తంలోకి చేరకుండానే పేగులు దాటిపోయేది.

దారి చూపగల సూత్రం అప్పటికే ఉంది. 1897లో బోస్టన్‌లో నోయెస్, విట్నీ అనే పరిశోధకులు బెంజోయిక్ ఆమ్లం, లెడ్ క్లోరైడ్ కడ్డీలను నీటిలో తిప్పుతూ కరిగే వేగాన్ని కొలిచారు. ద్రావణం సంతృప్త స్థితికి ఎంత దూరంలో ఉంటే కరగడం అంత జోరుగా సాగుతుందని తేల్చారు. ఆ ప్రయోగంలో వారు మారకుండా చూసుకున్నది ఉపరితలాన్ని. అరవై ఏళ్ల తర్వాత ఔషధ శాస్త్రజ్ఞులు పట్టుకున్నది సరిగ్గా దాన్నే.

పొడిని మెత్తగా నలిపి ఉపరితలం పెంచే జెట్ మిల్లులో రోలూ ఉండదు, బ్లేడూ ఉండదు. ఒత్తిడితో దూసుకొచ్చే గాలిలో రేణువులు ఒకదాన్నొకటి ఢీకొని నలుగుతాయి. అలా నలిగిన గ్రిసియోఫుల్విన్ అరగ్రాము, ముతక పొడి గ్రాముతో సమానంగా రక్తంలో చేరుతుందని 1962లో అట్కిన్సన్ బృందం నేచర్ పత్రికలో చూపింది. మోతాదు సగమైంది. మందు కరిగే పరిమితి మాత్రం మారలేదు, మారింది వేగమే. ఈ రెంటినీ కలిపేసి చెప్పడం పొరపాటు. మెత్తదనానికీ చిక్కులున్నాయి. నీటిని ఒల్లని పొడి మరీ సన్నబడితే ఉండకట్టి, సంపాదించిన ఉపరితలాన్ని పోగొట్టుకుంటుంది. అందుకే తడిపే పదార్థాలు జతచేస్తారు.

అమెరికాలో ఈనాటికీ ఈ మందు సీసాపై మిల్లీగ్రాములతో పాటు మైక్రోసైజ్ అనో, అల్ట్రామైక్రోసైజ్ అనో ఉంటుంది. ఆ మాట చూడకుండా వైద్యుడు మోతాదు రాయకూడదు.